కాలేజీ గోల్ఫ్ వేసవి క్యాంపుకు ఆహ్వానం వస్తే కోచ్ దృష్టిలో పడినట్లేనా?

ప్రశ్న క్లుప్తంగా ఇది. అమెరికాలో పదో గ్రేడు పూర్తి చేయబోతున్న కొడుకుకు ఒక డివిజన్ 1 (కాలేజీ క్రీడల్లో అత్యున్నత శ్రేణి) విశ్వవిద్యాలయపు హెడ్ కోచ్ పేరుతో వేసవి గోల్ఫ్ క్యాంపు ఆహ్వానం ఈమెయిల్‌లో వచ్చింది. క్యాంపు నాలుగు రోజులు, బస అక్కడి డార్మిటరీలోనే, ప్రయాణం కాక ఖర్చు దాదాపు పదిహేను వందల డాలర్లు. అబ్బాయి హైస్కూల్ జట్టులో ఆడుతున్నాడు. అలవాటైన కోర్సులో (గోల్ఫ్ మైదానంలో) అతని స్కోరు, అంటే రౌండు ముగిసేలోగా బంతిని కొట్టిన స్ట్రోకుల లెక్క (ఇది ఎంత తక్కువైతే అంత మంచిది), 76 నుంచి 80 మధ్య ఉంటుంది, బయటి టోర్నమెంట్లలో 80 దాటుతుంది. ఈ ఆహ్వానాన్ని బట్టి ఆ కోచ్ తమ అబ్బాయిని జట్టులోకి తీసుకోవాలనుకుంటున్నాడని భావించవచ్చా, పంపితే ప్రయోజనం ఉంటుందా, ఎలా సిద్ధం చేయాలి అని తండ్రి అడుగుతున్నారు. హైదరాబాదులో గోల్ఫ్ ఆడుతున్న పదిహేనేళ్ల అన్నగారి అమ్మాయిని కూడా ఇలాంటి క్యాంపుకు రప్పించవచ్చా అని చివర్లో మరో ప్రశ్న చేర్చారు.

నేను డాలస్‌కు ఉత్తరాన ఫ్రిస్కో ప్రాంతంలో చాలా ఏళ్లుగా జూనియర్లకు గోల్ఫ్ నేర్పుతున్నాను. వేసవిలో కాలేజీ కోచ్‌లు నడిపే క్యాంపులలో సహాయ శిక్షకుడిగా పనిచేస్తుంటాను కాబట్టి, కోచ్‌లు అక్కడ ఏం గమనిస్తారో, రాత్రి కూర్చుని ఏం మాట్లాడుకుంటారో దగ్గరి నుంచి చూసే అవకాశం కలిగింది. దాని ఆధారంగానే చెబుతున్నాను.

ఆ ఆహ్వానం ఎంపికకు సంకేతం కాదు. అయినా పంపడం వృథా కూడా కాదు, మూడు విషయాలు కుదిరితే: ఆ విశ్వవిద్యాలయం చదువు పరంగా మీ అబ్బాయి నిజంగా చేరాలనుకునేది కావాలి, ఆ జట్టులో చివరి ఆటగాళ్ల స్కోరుకు అతను రెండేళ్లలో చేరగలిగే అవకాశం ఉండాలి, క్యాంపు తేదీలు జూన్ 15 తర్వాత ఉండాలి. మూడూ కుదిరితే పంపండి. కుదరకపోతే ఆ డబ్బును రెండు మూడు రోజుల పాటు జరిగే టోర్నమెంట్లకు వెచ్చించండి. ఏమైనా ఒక వేసవికి ఒక క్యాంపు చాలు. నాలుగు క్యాంపులు తిరిగి రెండు టోర్నమెంట్లు ఆడిన పిల్లవాడి కంటే ఒక క్యాంపుకు వెళ్లి ఎనిమిది టోర్నమెంట్లు ఆడినవాడి గురించే కోచ్‌లు మాట్లాడుకుంటారు.

జూన్ 15 సంగతి ముందుగా వివరిస్తాను, ఎందుకంటే చాలామంది తల్లిదండ్రులకు తెలియనిది ఇదే. అమెరికాలో కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ అనే సంస్థ నిబంధనల ప్రకారం డివిజన్ 1 గోల్ఫ్ కోచ్, విద్యార్థి పదో గ్రేడు ముగిసిన తర్వాత వచ్చే జూన్ 15 వరకు అతనితో జట్టులో చేరడం గురించి ఫోనులో గాని, ఈమెయిల్‌లో గాని, సందేశాల ద్వారా గాని మాట్లాడకూడదు. అంతకు ముందు పంపగలిగినవి వివరాలు అడిగే ప్రశ్నావళి, క్యాంపు ప్రకటన, విశ్వవిద్యాలయం గురించిన సాధారణ సమాచారం వంటివి మాత్రమే. అందువల్ల కోచ్‌ల కార్యాలయాలు తమ దగ్గర పోగైన జూనియర్ ఆటగాళ్ల చిరునామాలన్నింటికీ క్యాంపు ప్రకటన పంపుతుంటాయి. పైన "ప్రియమైన" అని మీ అబ్బాయి పేరు కనిపించినా, అది వార్తాపత్రిక మడతలో పెట్టి ఇంటింటికీ పంచే కరపత్రం లాంటిదే. దీనికి తోడు, కాలేజీ నడిపే క్యాంపు ఎవరికైనా తెరిచి ఉండాలన్నది కూడా నిబంధనే. వయసు, గ్రేడు, ఆడా మగా, మొత్తం సంఖ్య అనే పరిమితులు తప్ప ఆటలో బాగా రాణించేవారిని మాత్రమే పిలుస్తామని వారు షరతు పెట్టకూడదు. 'ఎంపిక చేసిన కొద్దిమందికే' అన్న వాక్యం ఎక్కడైనా కనిపిస్తే ఆ పక్కనే 'సీట్లు ఉన్నంత వరకు' అన్న మాట కూడా ఉంటుంది, వెతకండి.

2019లో వచ్చిన మార్పు ప్రకారం, ఆ తేదీకి ముందు జరిగే క్యాంపులో సైతం కోచ్ మీ అబ్బాయితో జట్టు గురించి, స్కాలర్‌షిప్ గురించి సంభాషించకూడదు. అంటే జూన్ మొదటి వారంలో జరిగే క్యాంపుకు వెళితే నాలుగు రోజులూ పక్కనే ఉన్నా కోచ్ స్వింగ్ గురించి తప్ప మరో మాట మాట్లాడలేడు. ముభావంగా ఉన్నాడని పిల్లవాడు నిరాశపడి వస్తాడు. అదే క్యాంపు జూలైలో ఉంటే అసలు ప్రశ్నలు అడగవచ్చు, జవాబులు వినవచ్చు. పదకొండో గ్రేడు మొదలయ్యే ముందు ఆగస్టు 1 నుంచి అధికారిక సందర్శనలకు (కాలేజీ ఖర్చుతో క్యాంపస్ చూసి రావడానికి) కూడా అనుమతి ఉంటుంది. డివిజన్ 3 కాలేజీలకు ఈ తేదీల పట్టింపు చాలా తక్కువ, అక్కడి కోచ్ ముందుగానే ఉత్తరప్రత్యుత్తరాలు జరపవచ్చు. నిబంధనలు తరచుగా మారుతున్న కాలం కాబట్టి ఆ ఏటి నియమాలను ఎన్‌సీఏఏ వెబ్‌సైట్‌లో ఒకసారి సరిచూసుకోవడం మంచిది.

మీ అబ్బాయి విషయంలో ఇది సులభమైన పరీక్ష కూడా. జూన్ 15 దాటిన తర్వాత కోచ్ స్వయంగా రాశాడా? రాసినదానిలో అతను ఫలానా టోర్నమెంట్‌లో ఆడిన రౌండు ప్రస్తావన ఉందా? ఈ వేసవిలో ఎక్కడెక్కడ ఆడుతున్నాడో పట్టిక పంపమన్నాడా? ఈ మూడింటిలో ఒక్కటి ఉన్నా ఆసక్తి ఉన్నట్లు లెక్క. ఏదీ లేకుండా మళ్లీ క్యాంపు ప్రకటనే వస్తే, అది ప్రకటనే.

ఇక కోచ్ దేనిని చూసి ఎంపిక చేస్తాడన్నది అసలు విషయం. స్కోర్లను చూస్తాడు. అందంగా కనిపించే స్వింగ్ కంటే, డ్రైవర్ ఎంత దూరం పోతుందన్న దానికంటే ముందు, రెండు మూడు రోజుల టోర్నమెంట్‌లో, పరిచయం లేని కోర్సులో వచ్చిన స్కోరు చూస్తాడు. అదీ ఆ కోర్సు రేటింగ్‌తో పోల్చి చూస్తాడు. స్క్రాచ్ ఆటగాడు (హ్యాండిక్యాప్ సడలింపు అక్కరలేని మంచి ఆటగాడు) ఒక టీ (మొదటి షాట్ కొట్టే చోటు) నుంచి ఎంత స్కోరు చేయవచ్చో అంచనా వేసి చెప్పేదే కోర్సు రేటింగ్. రేటింగ్ 69.5 ఉన్న చిన్న కోర్సులో 76 అంటే ఆరున్నర స్ట్రోకులు ఎక్కువ, రేటింగ్ 73.8 ఉన్న ఏడు వేల గజాల కోర్సులో అదే 76 అంటే రెండు స్ట్రోకుల పైచిలుకు మాత్రమే. రెండూ కాగితం మీద ఒకే అంకె, కోచ్ కంటికి మాత్రం ఇద్దరు వేరు వేరు ఆటగాళ్లు. అందుకే అలవాటైన కోర్సులో వచ్చే 76కు విలువ తక్కువ. హైస్కూల్ మ్యాచ్‌లు చాలా రాష్ట్రాల్లో తొమ్మిది హోల్స్‌తోనే ముగుస్తాయి కాబట్టి వాటిని కోచ్‌లు పెద్దగా లెక్కలోకి తీసుకోరు.

స్థూలంగా చెప్పాలంటే, దేశంలో ముందు వరుసలో ఉన్న పురుషుల డివిజన్ 1 జట్లు కఠినమైన జూనియర్ టోర్నమెంట్లలో పార్ (కోర్సుకు నిర్ణయించిన స్ట్రోకుల సంఖ్య) దగ్గర, పార్ కంటే తక్కువ స్కోరు చేసేవారిని చూస్తాయి. మధ్యస్థ డివిజన్ 1 జట్లకు 70 నుంచి 74 మధ్య నిలకడ కావాలి. డివిజన్ 2, డివిజన్ 3 కాలేజీలలో, ఎన్‌సీఏఏకు వేరుగా ఉన్న ఎన్ఏఐఏ అనే సంఘపు కాలేజీలలో 74 నుంచి 78 వరకు ఉన్నవారికి చోట్లు దొరుకుతాయి, కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువ ఉన్నవారికి కూడా. ఇవి నా అనుభవం మీద చెబుతున్న అంచనాలే తప్ప గీత గీసిన హద్దులు కావు. మీరు చేయవలసింది ఇంకా సులభం: ఆ విశ్వవిద్యాలయపు క్రీడా విభాగం వెబ్‌సైట్‌లో గత సీజన్ ఫలితాలు తెరిచి, జట్టులో నాలుగో, ఐదో స్థానంలో ఆడినవారి సగటు స్కోరు రాసుకోండి. ఆ తర్వాత వాళ్లు పదో గ్రేడు, పదకొండో గ్రేడులలో ఉన్నప్పుడు జూనియర్ టోర్నమెంట్లలో ఎంత స్కోరు చేశారో వెతకండి, చాలావరకు దొరుకుతుంది. పోలిక అక్కడ పెట్టాలి.

కాలేజీ గోల్ఫ్‌లో ప్రతి రౌండుకు ఐదుగురు ఆడతారు, అందులో తక్కువ వచ్చిన నాలుగు స్కోర్లే జట్టు ఖాతాలోకి వెళతాయి. ఈ ఒక్క పద్ధతి కోచ్ ఆలోచనను పూర్తిగా మార్చేస్తుంది. ఒకరోజు 69, మరుసటి రోజు 83 ఆడే పిల్లవాడి కంటే మూడు రోజులూ 74, 75, 74 ఆడేవాడు జట్టుకు ఎక్కువ పనికివస్తాడు, ఎందుకంటే 83ను దాచిపెట్టడానికి ఉన్నది ఒకే ఒక్క ఖాళీ. ఆ రోజు ఇంకొకరికి కూడా ఆట చెడితే జట్టంతా మునుగుతుంది. చాలా టోర్నమెంట్లలో మొదటి రోజే ముప్పై ఆరు హోల్స్, రెండో రోజు పద్దెనిమిది హోల్స్ ఆడిస్తారు, అంతా నడకతోనే. నేను పనిచేసిన ఒక క్యాంపులో ఒక కుర్రవాడు ఉదయం పద్దెనిమిది హోల్స్‌లో అందరికంటే బాగా ఆడి, మధ్యాహ్నం ఎండలో క్లబ్బుల సంచి భుజాన వేసుకుని నడుస్తూ చివరి ఆరు హోల్స్‌లో పూర్తిగా చెదిరిపోయాడు. రాత్రి కోచ్‌ల సంభాషణలో అతని ఉదయపు స్కోరు గురించి ఒక్క వాక్యం, మధ్యాహ్నం నడక గురించి పది వాక్యాలు వచ్చాయి. మీ అబ్బాయి ఇప్పటివరకు గోల్ఫ్ బండి మీద తిరిగి ఆడుతున్నట్లయితే, ఈ నెల నుంచే నడక మొదలుపెట్టించండి.

చోట్ల లెక్క కూడా తెలిసి ఉండాలి. డివిజన్ 1లో లోగడ పురుషుల గోల్ఫ్‌కు 4.5 స్కాలర్‌షిప్‌లు, మహిళల గోల్ఫ్‌కు 6 మాత్రమే పరిమితి. కోచ్ వాటిని ముక్కలుగా చేసి ఎనిమిది, తొమ్మిది మందికి పంచేవాడు. ఎన్‌సీఏఏ మీద ఆటగాళ్లు వేసిన దావాలో 2025 జూన్‌లో న్యాయస్థానం ఆమోదించిన ఒప్పందం తర్వాత, అందులో చేరిన విశ్వవిద్యాలయాలకు స్కాలర్‌షిప్ సంఖ్య మీద పరిమితి పోయి, దాని స్థానంలో జట్టు సభ్యుల సంఖ్య మీద పరిమితి వచ్చింది. గోల్ఫ్‌కు అది తొమ్మిది. పరిమితి పోయినంత మాత్రాన ప్రతి కాలేజీ తొమ్మిది మందికీ డబ్బు ఇస్తుందని కాదు. తొమ్మిది మందిలో ఏటా ఇద్దరు ముగ్గురు పట్టా పుచ్చుకుని వెళతారు. ఆ ఖాళీలకు హైస్కూల్ పిల్లలతో పాటు వేరే కాలేజీల నుంచి మారాలనుకునే ఆటగాళ్లూ, ఐరోపా, ఆసియా దేశాల జూనియర్లూ పోటీలో ఉంటారు. క్యాంపులో మీ అబ్బాయి పక్కన నలభై మంది ఉంటారు. ఇలాంటి క్యాంపు నుంచి నేరుగా ఆ కాలేజీ జట్టులోకి వెళ్లినవారిని నేను చూశాను గాని, అలాంటివారి స్కోర్లు క్యాంపుకు రాకముందే కోచ్‌కు తెలిసి ఉన్నాయి.

మరి క్యాంపు దేనికి? నా అభిప్రాయంలో రెండు ప్రయోజనాలకు. మొదటిది, ఇతర కాలేజీల కోచ్‌లు. నిర్వహించే కోచ్ ఒక్కడే ఉండడు. చుట్టుపక్కల డివిజన్ 2, డివిజన్ 3 కాలేజీల కోచ్‌లు, సహాయ కోచ్‌లు శిక్షకులుగా వస్తుంటారు. మీకు వచ్చిన ప్రకటనలో విశ్వవిద్యాలయం పేరు కంటే ఆ శిక్షకుల జాబితాను శ్రద్ధగా చదవండి, లేకపోతే ఈమెయిల్ రాసి అడగండి. హెడ్ కోచ్ తన జట్టుకు సరిపోని పిల్లవాణ్ణి చూసి, పక్కనున్న చిన్న కాలేజీ కోచ్‌తో "ఇతను నీకు పనికొస్తాడు, ఒకసారి చూడు" అనడం నేను విన్నాను, అలా చేరినవారూ ఉన్నారు. 80 చుట్టూ ఆడుతున్న పిల్లవాడికి అసలు అవకాశం ఎక్కువగా అక్కడే ఉంటుంది. శిక్షకులందరూ ఒకే సంస్థకు చెందిన ప్రైవేటు బోధకులైతే అది మంచి శిక్షణ కావచ్చు గాని కాలేజీ కోచ్‌లను కలిసే చోటు మాత్రం కాదు. ఫ్లోరిడాలోని బ్రాడెంటన్‌లో ఐఎంజీ అకాడమీ నడిపే క్యాంపులు, అనేక ఊళ్లలో జరిగే నైకీ జూనియర్ క్యాంపులు ప్రధానంగా శిక్షణ కోసం వెళ్లవలసినవి. వాటిని ఆ దృష్టితోనే ఎంచుకోవాలి.

రెండో ప్రయోజనం, పిల్లవాడు ఆ జీవితాన్ని కళ్లారా చూడటం. నా దగ్గర నేర్చుకున్న ఒక అమ్మాయి పదకొండో గ్రేడుకు ముందు ఇలాంటి క్యాంపుకు వెళ్లింది. పగలు ఆట సాధారణంగానే సాగింది, రాత్రి భోజనాల దగ్గర మాత్రం జట్టులోని అమ్మాయిలను కూర్చోబెట్టి వరుసగా అడిగింది: తెల్లవారుజామున వ్యాయామం ఎన్నింటికి, సీజన్‌లో ఎన్ని తరగతులు తప్పుతాయి, ప్రయోగశాల ఉన్న సబ్జెక్టులు తీసుకోగలుగుతున్నారా, టోర్నమెంటుకు వెళ్లే ఐదుగురిలో లేనప్పుడు ఎలా ఉంటుంది అని. ఇంటికి వచ్చి తనకు డివిజన్ 1 వద్దని, ఇంజనీరింగ్ చదువుతూ ఆడగలిగే డివిజన్ 3 కాలేజీయే కావాలని తేల్చి చెప్పింది. తండ్రి కొంత నొచ్చుకున్నారు. ఆమె నాలుగేళ్లూ ఆడింది, డిగ్రీ సకాలంలో పూర్తి చేసింది. పదిహేను వందల డాలర్లకు ఆ స్పష్టత దొరకడం చౌకే.

క్యాంపు రోజు సాధారణంగా ఇలా సాగుతుంది. ఉదయం ఆరున్నర, ఏడు గంటలకే రేంజ్ (సాధన చేసే మైదానం) మీదకు తీసుకెళతారు. ట్రాక్‌మ్యాన్ వంటి యంత్రం ముందు కొట్టించి వేగం, దూరం నమోదు చేస్తారు; 40 నుంచి 100 గజాల మధ్య వెడ్జ్ (దగ్గరి షాట్లకు వాడే క్లబ్) పరీక్ష, మూడు నుంచి పది అడుగుల దూరం నుంచి బంతిని గుంతలోకి నెట్టే పటింగ్ పరీక్ష ఉంటాయి. మధ్యాహ్నం కోర్సు మీద పద్దెనిమిది హోల్స్, కాలేజీ జట్టు అర్హత రౌండు ఆడించే పద్ధతిలోనే. సాయంత్రాలు వ్యాయామశాల, చదువు సలహాదారుల ప్రసంగాలు, ఆటగాళ్లతో ముచ్చట్లు. చెప్పుకోదగిన సంగతేమిటంటే కోచ్‌లు పరీక్షల ఫలితాల కంటే నడవడినే ఎక్కువగా రాసుకుంటారు. డబుల్ బోగీ (ఒక హోల్‌లో పార్ కంటే రెండు స్ట్రోకులు ఎక్కువ) తర్వాత తర్వాతి టీ దగ్గర ముఖం ఎలా ఉంది, ప్రతి షాట్‌కు ముందు ఒకే పద్ధతి పాటిస్తున్నాడా, తాను ఆడిన బంకర్ (ఇసుక గుంట)ను సరిచేశాడా, గ్రీన్ మీద తన బంతి చేసిన గుంటతో పాటు పక్కవాడి గుంట కూడా పూడ్చాడా, తోటివాడి బంతి వెతకడానికి వెళ్లాడా, అక్కడ పనిచేసేవారికి ధన్యవాదాలు చెప్పాడా. నాలుగేళ్లు వ్యానులో, హోటల్ గదుల్లో కలిసి తిరగవలసిన మనిషిని ఎంచుకుంటున్నానన్న స్పృహ కోచ్‌కు ఎప్పుడూ ఉంటుంది.

తల్లిదండ్రులను కూడా చూస్తారు. ఇది మనవారికి కాస్త చేదుగా ఉన్నా చెప్పాలి. సంచి తండ్రే మోస్తూ, క్లబ్ తానే తుడిచి అందిస్తూ, కోచ్ అడిగిన ప్రశ్నకు కొడుకు నోరు తెరిచేలోగా తానే జవాబిచ్చే దృశ్యం ప్రతి క్యాంపు మొదటి రోజూ కనిపిస్తుంది. ప్రేమతో చేసేదే, సందేహం లేదు. కోచ్ మాత్రం 'ఈ పిల్లవాడు ఒంటరిగా విమానం ఎక్కి పరీక్ష రాసి రాగలడా' అని ఆలోచిస్తాడు. దింపండి, నమోదు పత్రాలు, ఆరోగ్య వివరాల పత్రం అప్పగించండి, తిరిగి వెళ్లిపోండి. ఈమెయిళ్లు కూడా పిల్లవాడే, తన చిరునామా నుంచి, తన మాటల్లో రాయాలి. నలభై ఏళ్లు దాటిన ఐటీ మేనేజరు రాసిన ఆంగ్లాన్ని కోచ్‌లు మొదటి వాక్యంలోనే పసిగడతారు.

సిద్ధం కావడానికి పెద్ద హంగామా అక్కరలేదు. క్యాంపుకు రెండు వారాల ముందు అబ్బాయి కోచ్‌కు చిన్న ఈమెయిల్ రాయాలి: తాను ఎవరు, ఏ సంవత్సరంలో పట్టభద్రుడవుతాడు, తన జీపీఏ (మార్కుల సగటు) ఎంత, ఇటీవలి మూడు నాలుగు టోర్నమెంట్లలో స్కోర్లు వాటి కోర్సు రేటింగ్‌తో సహా, ఈ కాలేజీలో ఏ కోర్సు చదవాలనుకుంటున్నాడు, ఎందుకు. ముందు నుంచి ఒకటి, వెనుక నుంచి ఒకటి, రెండు స్వింగ్ వీడియోల లంకె చాలు. నేపథ్య సంగీతం అక్కరలేదు. క్యాంపు ముందు కొత్త డ్రైవర్ కొనవద్దు. అక్కడ ఐదుగురు శిక్షకులు ఐదు సలహాలు ఇస్తారు, అన్నీ మంచివే అయినా అన్నీ ఒకేసారి పాటిస్తే ఆగస్టు టోర్నమెంట్లలో బంతి ఎటు పోతుందో తెలియదు. వాటిని పుస్తకంలో రాసుకుని వచ్చి తన సొంత కోచ్‌తో కూర్చుని ఒకటో రెండో ఎంచుకోవాలి. రెండు జతల బూట్లు, కాలర్ చొక్కాలు, వాన కోటు, లవణాలు కలిపిన పానీయాలు తీసుకెళ్లాలి. టెక్సస్‌లో జూలై మధ్యాహ్నం వంద డిగ్రీల ఫారన్‌హీట్ దాటడం మామూలు. శాకాహారి అయితే నమోదు పత్రంలోనే రాయండి, లేకపోతే నాలుగు రోజులూ పిజ్జా, బంగాళాదుంప వేపుళ్లతోనే కోర్సంతా నడవాల్సి వస్తుంది.

చదువు గురించి కొంత. డివిజన్ 1 అర్హతకు హైస్కూల్‌లో 16 కోర్ కోర్సులు (ఆంగ్లం, గణితం, సైన్సు వంటి ప్రధాన సబ్జెక్టులు), వాటిలో కనీసం 2.3 జీపీఏ కావాలి. అందులో 10 కోర్సులు పన్నెండో గ్రేడు మొదలయ్యేలోగా పూర్తి కావాలి. 2023 నుంచి ఎన్‌సీఏఏ అర్హతకు శాట్, ఏసీటీ అనే ప్రవేశ పరీక్షల స్కోర్లు అవసరం లేదు, అయితే విశ్వవిద్యాలయం ప్రవేశానికి అడగవచ్చు. మన పిల్లలకు 2.3 సమస్య కాదు. అంతకంటే ముఖ్యంగా, మంచి మార్కులే మన పిల్లల అసలు బలం. ఐవీ లీగ్‌లోనూ (హార్వర్డ్, యేల్ వంటి ఎనిమిది విశ్వవిద్యాలయాల కూటమి), డివిజన్ 3లోనూ ఆట కోసం స్కాలర్‌షిప్ ఉండదు గాని, కుటుంబ ఆదాయాన్ని బట్టి ఇచ్చే సహాయం ఉంటుంది, డివిజన్ 3 కాలేజీలు చాలావరకు మార్కులను బట్టి కూడా ఇస్తాయి. ఎమొరీ, కార్నెగీ మెలన్ వంటి చదువుకు పేరున్న డివిజన్ 3 విశ్వవిద్యాలయాలకు గోల్ఫ్ జట్లు ఉన్నాయి. ప్రవేశ కార్యాలయం దగ్గర కోచ్ చెప్పే మంచి మాటకు అక్కడ విలువ ఉంటుంది. గోల్ఫ్‌తో పూర్తి ఫీజు మాఫీ అవుతుందన్న ఆశతో ఈ దారిలోకి వచ్చినవారికి నేను మొదటి రోజే చెబుతాను: ఇన్నాళ్లూ శిక్షణకు, ప్రయాణాలకు పెట్టిన డబ్బు స్కాలర్‌షిప్ రూపంలో తిరిగి రావడం అరుదు.

మన తల్లిదండ్రులు ప్రొఫెషనల్ గోల్ఫ్ ఆటగాడు సాహిత్ తీగల పేరు తరచుగా ప్రస్తావిస్తారు కాబట్టి అతని దారి ఎలా సాగిందో చూడటం అవసరం. హైదరాబాదు నుంచి వచ్చిన కుటుంబంలో కాలిఫోర్నియాలో పుట్టిన అతను, మాలిబూలోని పెపర్‌డైన్ విశ్వవిద్యాలయంలో చేరాడు. అది ఫుట్‌బాల్‌తో దేశమంతా మార్మోగే పెద్ద విశ్వవిద్యాలయం కాదు, గోల్ఫ్‌కు మాత్రం బలమైన సంప్రదాయం ఉన్నది. 1997లోనూ, అతను వెళ్లాక 2021లోనూ జాతీయ టైటిల్ గెలిచింది. మణికట్టు శస్త్రచికిత్స వల్ల మధ్యలో ఒక సీజన్ మొత్తం ఆడలేకపోయాడు. 2020లో కాలేజీ గోల్ఫ్‌లో అత్యుత్తమ ఆటగాడికి ఇచ్చే హాస్కిన్స్, బెన్ హోగన్, జాక్ నిక్లాస్ అవార్డులు మూడూ అందుకున్నాడు, 2023లో ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్‌లో పీజీఏ టూర్ (అమెరికాలో పురుషుల ప్రధాన ప్రొఫెషనల్ టోర్నమెంట్ల శ్రేణి)లో తొలి విజయం సాధించాడు. పెద్ద పేరున్న విశ్వవిద్యాలయం కోసం పాకులాడటం కంటే గోల్ఫ్ జట్టు బాగున్న చోటు వెతకడం మేలని ఆ ప్రస్థానం చూసినవారికి అర్థమవుతుంది. అయితే అతను కాలేజీకి చేరేనాటికే జాతీయ స్థాయి జూనియర్. ఆ పోలికను పదో గ్రేడు పిల్లవాడి నెత్తిన పెట్టకండి.

వేసవి మిగతా భాగానికి నా సలహా: మీ ప్రాంతపు పీజీఏ (గోల్ఫ్ శిక్షకుల సంఘం) విభాగం నడిపే జూనియర్ టూర్‌లో రెండు రోజుల టోర్నమెంట్లు వీలైనన్ని ఆడించండి. అక్కడ మంచి ఫలితాలు వస్తే ఏజేజీఏ (అమెరికన్ జూనియర్ గోల్ఫ్ అసోసియేషన్) క్వాలిఫయర్లకు పంపండి; ఏజేజీఏ ప్రధాన టోర్నమెంట్లలో చోటు ముందటి ఫలితాలను బట్టి దొరుకుతుంది, అవి మూడు రౌండ్లవి, కాలేజీ కోచ్‌లు కుర్చీలు వేసుకుని చూసేవి కూడా అవే. 80 దాటుతున్న స్కోరును 76కు దింపడానికి నేను చూసినంతవరకు వంద గజాల లోపలి ఆటే దారి, అందుకు పెద్ద ఖర్చు కూడా లేదు.

మీ అన్నగారి అమ్మాయి విషయం. కేవలం క్యాంపు కోసం అంత దూరం రప్పించవద్దు. విదేశీ ఆటగాళ్ల విషయంలో కోచ్‌లు ప్రధానంగా ప్రపంచ అమెచ్యూర్ ర్యాంకింగ్, జాతీయ స్థాయి టోర్నమెంట్ల స్కోర్లు, వీడియో చూసి నిర్ణయించుకుంటారు. ఆమె గోల్కొండ దగ్గరి గోల్ఫ్ కోర్సులోనో, బౌల్డర్ హిల్స్ కోర్సులోనో సాధన చేస్తూ ఇండియన్ గోల్ఫ్ యూనియన్ జూనియర్ టోర్నమెంట్లలో ఆడుతున్నట్లయితే అదే సరైన దారి. ఎలాగూ మీ ఇంటికి వేసవిలో వస్తున్నట్లయితే రెండు అమెరికన్ జూనియర్ టోర్నమెంట్లు, కాలేజీల సందర్శన, వాటి మధ్యలో ఒక క్యాంపు అన్నట్లుగా ఏర్పాటు చేయండి. వీసా పత్రాలలో ఆ కార్యక్రమం ఉన్నది ఉన్నట్లు చెప్పాలి. మంచి స్కోర్లు ఉన్న అమ్మాయిలకు, అబ్బాయిలతో పోలిస్తే, ద్వారాలు కాస్త తేలికగా తెరుచుకుంటాయి, ఆడే అమ్మాయిల సంఖ్య తక్కువ కాబట్టి. తొమ్మిదో తరగతి నుంచి ప్రతి మార్కుల జాబితా దాచిపెట్టుకోవాలని, ఇంటర్‌లో తీసుకునే సబ్జెక్టులు కోర్ కోర్సుల లెక్కకు ఎలా సరిపోతాయో ఎన్‌సీఏఏ అర్హతా కేంద్రంలో ఖాతా తెరిచి ముందే తెలుసుకోవాలని చెప్పండి. ఇంటర్ అయ్యాక టోర్నమెంట్లు ఆడుతూ ఏళ్లు గడిపితే కాలేజీలో ఆడగలిగే కాలం తగ్గే నిబంధనలు ఉన్నాయి; ఆ తప్పు చేసినవారు ఉన్నారు.

మీకు వచ్చిన ఆహ్వానంలో క్యాంపు తేదీలు, శిక్షకులలో ఏయే కాలేజీల కోచ్‌లు ఉన్నారు, మీ అబ్బాయి చివరి ఐదు టోర్నమెంట్ల స్కోర్లు వాటి కోర్సు రేటింగ్‌తో సహా ఇక్కడే రాస్తే, ఈ ప్రత్యేకమైన క్యాంపుకు పంపవచ్చో లేదో మరింత కచ్చితంగా చెప్పగలను. పేర్లు రాయనవసరం లేదు.